కణంలోని పటము, కిరణాల గాయము

జనగామ నుండి సిద్ధిపేటకు పోయే త్రోవలో చేర్యాల ఉన్నది. 2016లో సిద్ధిపేట జిల్లా ఏర్పడేవరకు అది వరంగల్లు జిల్లాలోని ఊరు. నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డమీద వ్రాసే పటాలవలన ఆ ఊరిపేరు దేశాంతరాలకు కూడ తెలిసినది. మొన్నటి చలికాలంలో పటం కథ నొకదానిని ధ్వనిముద్రణ చేయడానికి మేము అక్కడకు వెళ్ళాము. కథ ముగిసి, మేము యంత్రాలు సర్దుకొంటూ ఉండగా, కథ చెప్పినవారి అక్కగారు, అరువదేండ్ల ఇల్లాలు, మంచినీళ్ళ చెంబుతో వచ్చి మా ఎదుట నిలిచారు.

“సారూ, మీరు రేడియోల నలుగురికి తెలివి చెప్పెటోళ్ళు. కరెంటు పెడితే మనిషి లోపలినుంచి కాలిపోతదట. నిజమేనా?” అని అడిగారు.

ఈ మాటకు అర్థం మన శ్రోతలకు చెప్పనక్కరలేదు. రాచపుండుకు కిరణాలతో చేసే చికిత్సను మన ఊళ్ళలో అందరూ “కరెంటు పెట్టడం” అనే అంటారు. ఆమెకు గర్భాశయ ముఖద్వారంలో రాచపుండు ఉన్నదని హైదరాబాదులో వైద్యులు తేల్చారు. ఇరవై అయిదు రోజులు కరెంటు పెట్టాలన్నారు. మొదటి రోజుకు తేదీ కూడ ఇచ్చారు. ఆ తేదీ దాటి అప్పటికి తొమ్మిది రోజులైనది. దూరపు బంధువొకరు అట్టి చికిత్స చేయించుకొని నల్లబడిన చర్మంతో ఇంటికి వచ్చారట. అది చూచినప్పటినుండి ఆమె ఇల్లు కదలనన్నారు. కొడుకు బ్రతిమాలుతున్నాడు, తమ్ముడు కోప్పడుతున్నాడు, తేదీలు జరిగిపోతున్నవి.

మేము కూర్చోబెట్టి అడుగగా ఆమె మనసులో ఉన్నవి మూడు ప్రశ్నలని తేలినది. అంత మంచి మందే అయితే ఒక్కనాడే పెట్టి పంపక ఇరవై అయిదు రోజులెందుకు? ఒంట్లో రక్తం తక్కువగా ఉన్నది, ముందు రక్తం ఎక్కిస్తామన్నారు. కరెంటుకూ రక్తానికీ ఏమి పొత్తు? అది పెట్టించుకొని వచ్చిన తరువాత మనుమరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చునా? ఈ మూడవ ప్రశ్న అడిగేటప్పుడు ఆమె గొంతు తగ్గినది.

మేము వైద్యులము కాము. తెలిసీ తెలియని మాట చెప్పి ఒక ప్రాణంతో చెలగాటమాడడం తగదు గనుక, వారం తిరిగేలోగా సమాధానాలతో వస్తామని సెలవు తీసుకొన్నాము. హైదరాబాదులో కిరణచికిత్స తెలిసిన వైద్యులను, జీవకణశాస్త్రం చదివిన పెద్దలను అడిగి తెలుసుకొని, మళ్ళీ చేర్యాలకు పోయి, ఆ ఇంటి అరుగుమీద కూర్చుండి చెప్పినదానినే ఇక్కడ కొంత పెంచి వ్రాస్తున్నాము.

మొదట ఆ “కరెంటు” అన్న మాట సంగతి. ఈ చికిత్సలో రోగి ఒంటిలోకి విద్యుత్తు పోదు. పోయేవి ఎక్స్ కిరణాలు, లేదా కోబాల్టు లోహంనుండి వెలువడే గామా కిరణాలు. అవి కూడ వెలుతురు జాతివే, కాని కంటికి కనపడవు, ఒంటికి తెలియవు. వెలుతురు ధారగా కాక పొట్లాలు పొట్లాలుగా ప్రయాణిస్తుందని శాస్త్రజ్ఞులు చెపుతారు. ఒక్కొక్క పొట్లంలో శక్తి ఎంత అన్నదే అసలు విషయం. కోబాల్టు కిరణపు ఒక్క పొట్లంలోని శక్తి, ఒక అణువులో రెండు పరమాణువులను కట్టి ఉంచే బంధాన్ని తెంచడానికి కావలసినదానికంటె లక్షల రెట్లు ఎక్కువ.

ఇంతవరకు విని కథకులు నవ్వుతూ, “మరి మీ రేడియోల నుంచి వచ్చేటివి మమ్ముల నేం జేయవా?” అన్నారు. రేడియో, రేడియేషను అనే రెండు మాటలకూ మొదలు ఒకటే కావడంవలన చాలమందికి కలిగే అనుమానమిది. మధ్యమ తరంగంమీద మేము పంపే ప్రసారంలో ఒక్కొక్క పొట్లపు శక్తి, ఆ బంధాన్ని తెంచడానికి కావలసినదానిలో ఇంచుమించు వంద కోట్లలో ఒక వంతు. మా ప్రసంగాలు విని ఎవరికైనా తలనొప్పి వస్తే దానికి కారణం వేరే వెదకవలసి ఉంటుంది.

ఇక కాలడం మాట. ఈ భయం వట్టిది కాదు. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895 నవంబరులో. మరుసటి సంవత్సరమే బెకెరెల్ యురేనియం వెదజల్లే కిరణాలను గుర్తించాడు. ఆ బెకెరెలే 1901లో రేడియం ఉన్న చిన్న గాజుగొట్టాన్ని జేబులో వేసుకొని తిరిగాడు. కొన్నాళ్ళకు సరిగా ఆ జేబుకింద చర్మం ఎర్రబడి పుండైనది. గమనించవలసిన దేమంటే, చేతితో ముట్టుకొంటే కాలేటంత వేడి ఆ గొట్టానికి లేదు. పుండుకూడ ఆనాడే పడలేదు, రోజులు గడచిన తరువాత పడినది. నిప్పు కాలిస్తే క్షణంలో తెలుస్తుంది. కిరణాల గాయం ఎందుకు ఆలస్యంగా బయటపడుతుంది?

దీనికి తోడు మరొక విచిత్రం. ఒంటిలో కిరణాలు దిగబెట్టిన శక్తిని ‘గ్రే’లలో కొలుస్తారు. ఒక మనిషి ఒళ్ళంతటిమీద ఒక్కసారిగా నాలుగు గ్రేలు పడినవనుకొందాము. చికిత్స అందకపోతే అట్టివారిలో సుమారు సగంమంది కొద్ది వారాలలో మరణిస్తారు. కాని ఆ శక్తినంతటినీ వేడిగా లెక్కకట్టితే, దేహోష్ణం పెరిగేది ఒక డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే. వేడి టీ ఒక్క గుక్క మ్రింగినప్పుడు ఇంతకంటె ఎక్కువ వేడి మన ఒంటిలో చేరుతున్నది. టీ త్రాగి ఎవరూ చావరు గదా! కనుక ప్రశ్న శక్తి ఎంత అన్నది కాదు, ఆ శక్తి ఎక్కడ పడినది అన్నది.

ఎక్కడో చెప్పడానికి మాకు చేర్యాలలో దొరికిన ఉపమానం మరెక్కడా దొరికి ఉండేది కాదు. ఆ అరుగుమీదనే చుట్టచుట్టి ఉన్న పటం కనపడుతున్నది. ఖద్దరు గుడ్డకు సుద్దమన్ను, గంజి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, ఎర్రని నేలమీద బొమ్మలు వ్రాస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులదాకా నిడివి. అడ్డుగీతలతో గడులు తీర్చి, గడి కొక ఘట్టంగా కథనంతా వరుసన నడుపుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, విప్పిన గడిని చూపుతూ కథ నడుపుతారు. చుట్టితే చంకలో ఇముడుతుంది, విప్పితే కులపురాణం.

మన ఒంటిలోని కణం కంటికి కనపడనంత చిన్నది. దాని నడుమ ఉండే కేంద్రకం మిల్లీమీటరులో నూరో వంతుకు కూడ చాలదు. అంత చిన్న సంచిలో రెండు మీటర్ల పొడుగు దారం చుట్టచుట్టి ఉన్నది. అది డి.ఎన్.ఎ. నలభై ఆరు ముక్కలుగా ఉండే ఆ దారంలో ఈ కణం ఏమి చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆగాలి అన్న కథ యావత్తూ నాలుగే నాలుగు అక్షరాలతో వ్రాసి ఉన్నది. 1953లో వాట్సన్, క్రిక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అది రెండు పేటల దారమని, ఒక పేటలో ఒక అక్షరం ఉంటే ఎదుటి పేటలో దానికి జోడైన అక్షరమే ఉంటుందని చూపారు. తల్లినుండి వచ్చిన ప్రతిలో సుమారు మూడువందల కోట్ల అక్షరాలు. తండ్రినుండి వచ్చిన ప్రతిలో అన్ని. కణంలో ఉన్నవి ఈ రెండు ప్రతులే.

కణంలోని తక్కిన అణువులకూ దీనికీ భేదం ఇక్కడనే. మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థాలు వేలూ లక్షలూగా ఉంటవి. కిరణం తగిలి నూరు పాడైతే నూరు మళ్ళీ తయారవుతవి. కుండ పగిలితే కుమ్మరి మరొకటి చేస్తాడు. కాని కుండ చేసే తీరు వ్రాసిపెట్టిన ఆకే చినిగితే?

ఇది ఊహ కాదు. 1970లో మన్రో అనే శాస్త్రజ్ఞుడు పొలోనియం పూసిన అతి సన్నని సూదిని బ్రతికి ఉన్న కణం ప్రక్కకు చేర్చి చూచాడు. పొలోనియం వెదజల్లే కణికలు కొద్ది దూరమే పోగలవు గనుక, ఏ భాగానికి దెబ్బ తగలాలో ఎంచుకోవచ్చును. కేంద్రకానికి తగలకుండ చుట్టూ ఉన్న భాగాన్ని ఎంత కొట్టినా కణం తట్టుకొన్నది. కేంద్రకానికి కొద్దిగా తగిలినంతనే మరణించినది.

కిరణం డి.ఎన్.ఎ.ను కొట్టే తీరు రెండు విధాలు. త్రోవలో ఏదో ఒక పరమాణువునుండి ఎలక్ట్రానును ఊడగొట్టి, ఆ ఎలక్ట్రాను నేరుగా పోయి దారాన్ని తాకడం ఒకటి. రెండవది నీటి ద్వారా జరిగేది. కణంలో మూడువంతులకు ఇంచుమించుగా నీరే. కిరణం నీటి అణువును చీల్చితే ఒక ఉదజని, ఒక ఆమ్లజని కలిసి ఉన్న అరకొర ముక్క మిగులుతుంది. దీనిని హైడ్రాక్సిల్ అంటారు. జోడు తెగిన ఎలక్ట్రానుతో ఉండే ఈ ముక్కకు ఆకలి ఎక్కువ; తగిలినదానినుండి లాగుకొనేదాకా నిలువదు. దాని ఆయుర్దాయం క్షణంలో వందకోట్లలో కొన్ని వంతులు. ఆ కాసేపటిలో అది డి.ఎన్.ఎ. దారపు మందానికి కొన్ని రెట్ల దూరం మాత్రమే పోగలదు. ఐనను ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు చేసే గాయాలలో సుమారు మూడింట రెండు వంతులు ఈ నీటి పిల్లలు చేసేవే. మనకు ప్రాణాధారమైన నీరే ఇక్కడ చేటు తెస్తున్నది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక గ్రే కిరణం పడితే ఒక్కొక్క కణంలో దారపు ఒక పేట సుమారు వేయి చోట్ల తెగుతుంది. వేయికి పైగా అక్షరాలు చెడుతవి. రెండు పేటలూ ఒకేచోట తెగిన తావులు ముప్పది నలభై దాకా ఉంటవి. వేయి అని విని గుండె బేజారు కానక్కరలేదు. కిరణమే లేకున్నా, మనం పీల్చే ఆమ్లజనివలన, ఒంటిలోని వేడివలన, ఊరకే కాలం గడవడంవలన ప్రతి కణంలోను ప్రతిదినమూ వేలకొలది అక్షరాలు చెడుతూనే ఉన్నవి. తెలంగాణం రాతి నేల. గ్రానైటులో యురేనియం, థోరియం జాడలు ఉండటంవలన మన కాళ్ళక్రింద నుండి వచ్చే సహజ కిరణాలు కూడ కొంత హెచ్చు. తరతరాలుగా ఆ బండలమీదనే కాపురం చేస్తున్నాము. కణానికి మరమ్మతు తెలుసు.

ఆ మరమ్మతు ఎట్లా జరుగుతున్నదో కనుగొన్న లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురికి 2015లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చినది. ఒక పేటలో అక్షరం చెడితే, కణంలోని పనివాండ్రు చెడినదానిని కత్తిరించి తీసివేసి, ఎదుటి పేటను చూచి జోడైన అక్షరాన్ని తిరిగి వ్రాస్తారు. తప్పు పడడం అరుదు.

రెండు పేటలూ ఒకేచోట తెగినప్పుడే చిక్కు. కిరణం ప్రత్యేకత అక్కడనే ఉన్నది. రోజువారీ గాయాలు దారమంతటా చెదరి పడుతవి. కిరణం తన జాడలో పది గాయాలను ఒక్కచోట గుమికూర్చగలదు. అప్పుడు చూచి వ్రాయడానికి ఎదుటి పేట ఉండదు. కథకులు తమ ఇంట ఉన్న పాత పటం ఒకటి విప్పి చూపారు. ఒక గడిలో రంగు పెచ్చులూడినది, గుడ్డ బాగున్నది. ముందు వెనుకల గడులు చూచి చిత్రకారుడు దానిని తిరిగి వ్రాయగలడు. మరొక చోట గుడ్డయే అడ్డంగా చినిగిపోతే పూర్వం ఎవరో రెండు కొసలనూ దగ్గరకు లాగి సూదితో కుట్టారు. కుట్టు గట్టిగానే ఉన్నది. నడుమ ఉండవలసిన ఒక ఘట్టం మాత్రం లేదు. కణం కూడ తెగిన కొసలను ఇట్లాగే కుట్టుతుంది. కుట్టులో కొన్ని అక్షరాలు పోవచ్చును. ఒక్కొక్కప్పుడు ఒక దారపు కొసను వేరొక దారపు కొసకు కుట్టి, ఒక పురాణంలో సగం మరొక పురాణంలో సగంగా చేస్తుంది.

అట్లా తప్పుగా కుట్టబడిన కణం వెంటనే చావదు. ఉన్నచోట ఉండి, తన పని తాను చేస్తూనే ఉంటుంది. చిక్కు వచ్చేది అది రెండుగా చీలే వేళ. దారాలన్నిటికీ నకళ్ళు తీసి, పిల్లకణాలు రెండింటికీ సరిగా పంచాలి. రెండు నడుములున్న దారాన్ని రెండువైపులనుండి లాగితే తెగుతుంది; నడుములేని ముక్క ఎవరి వాటాకూ రాదు. పంపకం చెడి కణం నశిస్తుంది. బెకెరెల్ పుండు ఆలస్యంగా పడడానికి కారణమిదే. చర్మం అడుగున కొత్త కణాలను కనే పొర చచ్చినది. పైపొర అరిగిపోయేదాకా లోటు బయటపడలేదు. చేర్యాల వారి బంధువుకు చర్మం నల్లబడిన దానికీ మూలం ఇటువంటిదే. అది నిప్పు కాల్చిన మసి కాదు. ప్రేగుల లోపలి పొర, ఎముకల మూలుగ, వెంట్రుకల కుదుళ్ళు నిరంతరం చీలుతూ ఉండే కణాలు గలవి గనుక, కిరణాలు ఎక్కడ పడితే అక్కడ వీటికే ముందు దెబ్బ తగులుతుంది.

రాచపుండు అంటే ఆగవలసిన చోట ఆగక చీలుతూ పోయే కణాల గుంపు. ఆమెకు వచ్చిన జాతి పుండుకు ఎక్కువగా మూలం ఒక వైరస్. ఆ వైరస్ చేసే దుర్మార్గం వినదగినది. మన కణంలో ఒక కావలివాడున్నాడు. దారం తెగితే, “ఆగండి, ముందు బాగుచేయండి, తరువాత చీలవచ్చును” అని కేకవేసే మాంసకృత్తు అది. పి-53 అని దాని పేరు. వైరస్ తయారుచేసే ఒక పదార్థం ఆ కావలివాని అంతు చూస్తుంది. అందువలన ఆ పుండులోని కణాలు గాయాలతోనే చీలబోయి నశించడం కద్దు. చుట్టుప్రక్కల ఉన్న మంచి కణాలు ఆగి, కుట్టుకొని, బ్రతుకుతవి.

ఆమె మొదటి ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉన్నది. ఇరవై అయిదు రోజులకు కలిపి నలభై అయిదు, ఏబది గ్రేల వరకు ఇస్తారు. ఒంటినంతటికీ కాదు, పుండు ఉన్న మేరకే, పలు దిక్కులనుండి గురిచూచి ఇస్తారు. అదంతా ఒక్కనాడే ఇస్తే పుండుతోపాటు ప్రక్కనున్న ప్రేగు, మూత్రాశయం కూడ చెడుతవి. పూటకు రెండు గ్రేలకు మించకుండ ఇస్తే, మంచి కణాలకు మరునాటిలోగా కుట్టుపని చాలవరకు ముగుస్తుంది. పుండు కణాలకు లెక్క పేరుకొంటూ పోతుంది. ఈ కిటుకు మొదట తేటపడినది 1920ల దశకంలో పారిస్ నగరంలో. రెగో అనే వైద్యుడు పొట్టేళ్ళమీద పరీక్షలు చేశాడు. వాటి వృషణాలలో బీజోత్పత్తిని ఒక్క మోతాదుతో ఆపబోతే పైచర్మం పుండుపడేది. అదే మోతాదును రోజులమీద పంచి ఇస్తే పని జరిగేది, చర్మం నిలిచేది. “అంటే, ఆ ఇరవై అయిదు రోజులు పుండు కోసం కాదు, నా మంచి ఒళ్ళు కోసమన్న మాట” అన్నారామె. ఇంత చక్కగా మాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు.

కథకులకు వేరొక సందేహం వచ్చినది. “తప్పు కుట్టు పడినా చావకుండ బ్రతికితే?” అన్నారు. దాచవలసిన పని లేదు. అక్షరం మారి బ్రతికిన కణం ఒక్కొక్కప్పుడు ఏండ్లకు, పదులేండ్లకు తానే రాచపుండుకు మొదలు కావచ్చును. కిరణచికిత్స పొందినవారిలో కొద్దిమందికి ఈ అపాయం ఉన్నదని వైద్యులకు తెలుసు. ఎదుట ఉన్న చావుతో తూచి చూచి చికిత్స చేస్తారు. అక్కర లేనివారికి ఊరకే ఎక్స్ కిరణాలు, సీటీ స్కాను తీయించరాదనడమూ ఇందుకే. గర్భవతులకు చేసే స్కానింగు మాత్రం ధ్వనితరంగాలతో చేసేది. దానితో దీనికి పొత్తు లేదు.

మారిన అక్షరం బీజంలో ఉంటే మరుసటి తరానికి పోతుంది. 1927లో ముల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగలమీద ఎక్స్ కిరణాలు పరపి దీనిని నిరూపించాడు. 1946లో నోబెల్ బహుమతి పొందాడు. మారిన కథ గుణంలో తేడా తెస్తే అది చాలవరకు చెడిన కథయే. ఐనను ఒక్కొక్కప్పుడు వేరొకటి జరుగుతుంది. ఆ ఇంటి పెరటిలో ఆముదపు చెట్టు ఉన్నది. దానిని చూపి మేము ‘అరుణ’ మాట చెప్పాము. మన మెట్ట చేలలో పూర్వం వేసే హెచ్.సి.6 అనే ఆముదపు రకం పంటకు రావడానికి తొమ్మిది నెలలు పట్టేది. వానలు వెనుదిరిగినంక చేనులో తడి ఎన్నాళ్ళుంటుంది? ఆ గింజలను న్యూట్రానుల తాకిడికి గురిచేసి, మొలిచిన మొక్కలలో వెదకి, సుమారు నాలుగు నెలలకే కాపుకు వచ్చే రకాన్ని ఏరితీశారు. అదే అరుణ. 1969లో ఆంధ్రప్రదేశ్ రైతులకు విడుదల చేశారు. కిరణం మంచి చేసినదని ఎవరూ అనుకోరాదు. కిరణం గ్రుడ్డిది, కొట్టినవన్నీ గాయాలే. మంచి చేసినది, చెడిపోయిన మొక్కలన్నింటి నడుమ ఓపికతో వెదకిన మనిషి కన్ను. “నేను పిన్నతనంల ఆముదాలు కొట్టుకొని కూలికి పోయిన. ఆ చెట్టు గింత తొందరగ ఎందుకు కాస్తున్నదో ఎవ్వరూ చెప్పలే” అన్నారు ఆమె.

ఇక రక్తం మాట. ఇది మాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది. హైడ్రాక్సిల్ ముక్క డి.ఎన్.ఎ.ను గీరినప్పుడు ఆ గాయం మొదట పచ్చిగా ఉంటుంది. ప్రక్కన ఆమ్లజని లేకపోతే, కణంలోని ఇతర పదార్థాలు ఒక ఉదజనిని అప్పిచ్చి దానిని క్షణంలో మాన్పగలవు. ఆమ్లజని ఉంటే అది వచ్చి ఆ పచ్చి గాయానికి అంటుకొని, మానకుండ గట్టిపరుస్తుంది. అందువలన ఆమ్లజని బాగా అందే కణాన్ని చంపడానికి కావలసిన మోతాదుకు, అది అందని కణం విషయంలో రెండున్నర, మూడు రెట్లు కావాలి. 1950ల దశకంలో ఇంగ్లండులో దీనిని శ్రద్ధగా పరిశోధించినవారిలో ముఖ్యుడు హెరాల్డ్ గ్రే. పైన చెప్పిన ‘గ్రే’ కొలతకు ఆయన పేరే పెట్టారు. పుండు పెరిగినకొద్దీ దాని నడిమి భాగానికి రక్తనాళాలు చాలవు; అక్కడి కణాలు ఊపిరి బిగబట్టి దాగుకొంటవి. రోగికి రక్తహీనత కూడ తోడైతే వాటికి ఇంకా మంచి చాటు. అందుకే గర్భాశయ ముఖద్వారపు పుండుకు కిరణచికిత్స చేసేటప్పుడు హిమోగ్లోబిన్ సాధారణంగా పది గ్రాములకు తగ్గకుండ చూస్తారు. రక్తం ఎక్కించడం బలానికే కాదు, కిరణానికి పదును పెట్టడానికి కూడ.

వారానికొకసారి ఒక మందును నరంలోకి ఎక్కిస్తామని కూడ ఆమెతో చెప్పారట. సిస్ప్లాటిన్ అనే ఆ మందులో ప్లాటినం లోహం ఉన్నది. అది డి.ఎన్.ఎ. అక్షరాలకు అంటుకొని కుట్టుపనికి అడ్డుపడుతుంది. కిరణమైనా మందైనా గురి ఆ పటమే. మన భీమవరంలో 1895 జనవరిలో, అనగా ఎక్స్ కిరణాలు బయటపడిన సంవత్సరంలోనే జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఉండి తయారుచేయించిన మందులు వేరొక దారిని అక్కడికే చేరుతవి. కొత్త పటానికి కావలసిన అక్షరాలు తయారుకాకుండ చేస్తవి. ఆ మహనీయుని గూర్చి మరొకప్పుడు విపులంగా చెప్పుకొందాము.

మూడవ ప్రశ్నకు సమాధానం చిన్నది. బయట నిలిచిన యంత్రంనుండి కిరణాలు పడుతవి. యంత్రం ఆగగానే ఆగుతవి. దీపం ఆర్పిన తరువాత గదిలో వెలుతురు మిగలనట్లే ఒంటిలో కిరణం మిగలదు. ఇరవై అయిదు రోజుల తరువాత లోపలినుండి ఇచ్చే చికిత్సలో కూడ కిరణాలనిచ్చే గుండును కొద్ది నిమిషాలుంచి మళ్ళీ యంత్రమే తీసివేస్తుంది; తీసిన తరువాత ఒంటిలో ఏమీ ఉండదు. మనుమరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చును. ఈ మాట మేము చెప్పక ముందే ఆ పిల్ల వచ్చి ఎక్కి కూర్చున్నది.

అప్రియమైనవి కూడ చెప్పాము. రెండవ వారం దాటేసరికి నీరసం ఉంటుంది, విరేచనాలు పట్టుకోవచ్చును, మూత్రంలో మంట ఉండవచ్చును. అవి ప్రేగు పొర, మూత్రాశయపు పొర కొత్త కణాలను కనడంలో వెనుకబడినందున కలిగేవి. అడిగితే వైద్యులు మందిస్తారు. నడుమ రోజులు మానరాదు. మానిన రోజులలో పుండు కణాలు పోగొట్టుకొన్నదానిని మళ్ళీ పూడ్చుకొంటవి.

ఆమె ఏమీ అనలేదు. కొడుకు మాత్రం మమ్ములను బస్సుదాకా సాగనంపుతూ ఆసుపత్రి కాగితాలు మరొకమారు చూపించి, మరుసటి సోమవారం వెళ్ళవచ్చునా అని అడిగాడు. తేదీ దాటినందువలన మళ్ళీ పేరు వ్రాయించుకోవలసి వచ్చినది, మధ్యలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. పది రోజులు అందుకు పోయినవి.

ఇప్పుడు వారు హైదరాబాదులో బంధువుల ఇంట ఉంటున్నారు. ఆ ఇంటి గోడకు వ్రేలాడే కేలండరులో చికిత్స జరిగిన ప్రతిదినంమీదను ఆమె పసుపుకొమ్ముతో ఒక గీత గీస్తున్నారట. ఈ ప్రసంగం వ్రాసేనాటికి పదునాలుగు గీతలు పడినవి. విరేచనాలు మొదలైనవని, మీరు చెప్పినట్లే అయినదని, మందిచ్చారని కొడుకు ఫోనులో చెప్పాడు. శని, ఆదివారాలు యంత్రానికి సెలవు. పదిహేనవది సోమవారం.